భవ్యశ్రీ దారి తప్పిన రోజు

కిరీటి మూడో జీపీఎస్‌ని ఇంటికి తెచ్చేసరికి భవ్యశ్రీ వంటింట్లో చపాతీలు కాలుస్తోంది. అతను బూట్లు కూడా విప్పకుండా నేరుగా భోజనాల బల్ల దగ్గరికి వెళ్ళి, అట్టపెట్టె తెరిచి, లోపలున్న సామానంతా బయట పరిచాడు. అరచేతిలో పట్టేంత నల్లటి తెర, కారు అద్దానికి అతుక్కునే రబ్బరు స్టాండు, సిగరెట్ లైటర్ దగ్గర గుచ్చే వైరు, ఎవరూ చదవని ఒక చిన్న పుస్తకం. ఆ పుస్తకాన్ని అతను నిలబడే చదవడం మొదలుపెట్టాడు.

"ఇది మంచిదట. ఫ్లైఓవర్ కింద కూడా సిగ్నల్ పోదట," అన్నాడు.

"మొన్న తెచ్చింది కూడా మంచిదేగా," అంది భవ్యశ్రీ పెనం మీంచి చూపు తిప్పకుండా.

"దాని గొంతు చిన్నది. పక్కనుంచి లారీ వెళ్తే వినపడదు."

"నాకు వినపడిందండీ."

"ఆదివారం పొద్దున్న, రోడ్డు మీద ఎవరూ లేనప్పుడు వినపడింది. రోజూ ఆదివారం ఉండదు కదా."

ఆమె చపాతీ తిరగేసింది. అతను మళ్ళీ పుస్తకంలో పడ్డాడు. ఇలాంటి మాటలు ఎక్కడ ఆపాలో ఇద్దరికీ తెలుసు. అక్కడే ఆపారు.

అది రెండువేల తొమ్మిది, దసరా వెళ్ళిన వారం. దారి చూపించే ఈ పరికరాలు అప్పుడప్పుడే ఢిల్లీ దుకాణాల్లోకి వస్తున్నాయి. ఆఫీసులో ఎవరైనా ఒకటి కొంటే నలుగురూ పార్కింగ్‌లోకి దిగి, కారులో ఇరుక్కుని కూర్చుని, అది మాట్లాడుతుంటే విని నవ్వుకుని వచ్చేవారు. కిరీటికి మాత్రం అది నవ్వులాట కాదు. దీపావళి దాటగానే మళ్ళీ కారులోనే కాలేజీకి వెళ్తానని భవ్యశ్రీ చెప్పిన రోజు నుంచి అతనికి కాలు ఒకచోట నిలవడం లేదు. వద్దని అనలేడు. వద్దంటే కారణం చెప్పాలి, కారణం చెబితే జనవరి గురించి మాట్లాడాలి. అందుకని, "సరే, కానీ జీపీఎస్ పెట్టించాకే," అన్నాడు.

అతనిది ఏలూరు, ఆమెది తెనాలి. పెళ్ళయిన ఏడాదే నోయిడా వచ్చి, తెలుగువాళ్ళు నాలుగైదు కుటుంబాలున్న ఒక సొసైటీలో ఫ్లాట్ అద్దెకు తీసుకున్నారు. భవ్యశ్రీ గ్రేటర్ నోయిడాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతుంది. కిరీటి సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ టీముకి లీడ్. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి పట్టుకోవడం అతని పని. తప్పు ఎక్కడ పుట్టిందో తేలేదాకా అతను కుర్చీలో కుదురుగా కూర్చోడని టీములో అనుకునేవారు. అయితే ఆ అలవాటుని అతను ఆఫీసులోనే వదిలేసి వచ్చేవాడు, ఆ జనవరి దాకా.

ఆ జనవరిలో భవ్యశ్రీకి ఆరో నెల. పొగమంచు దట్టంగా పట్టిన రోజులు. మధ్యాహ్నం దాటినా ఎదుటి అపార్ట్‌మెంట్ కనిపించేది కాదు. ఒకరోజు సాయంత్రం ఆమె ఇంటికి రావలసిన వేళకి రాలేదు. కిరీటి ఫోన్ మీద ఫోన్ చేశాడు. మోగుతోంది, తీయడం లేదు. చివరికి ఒకసారి తీసి, "మంచులో దారి తప్పానండీ. కంగారు పడకండి, వస్తాను," అని పెట్టేసింది. ఆ తర్వాత స్విచ్ఛాఫ్. అతను బాల్కనీలోకీ, గేటు దగ్గరికీ, మళ్ళీ బాల్కనీలోకీ తిరిగాడు. ఎక్స్‌ప్రెస్‌వే మీద ఒకదాన్నొకటి గుద్దుకున్న బళ్ళని టీవీలో చూపిస్తున్నారు. బాగా చీకటిపడ్డాక ఆల్టో గేటులోకి వచ్చింది. భవ్యశ్రీ దిగింది. ఆమె మొహం చూడగానే అతనికి ఊపిరి వచ్చింది, దాని వెనకే కోపం వచ్చింది.

"ఈ మంచులో బండి తియ్యొద్దని చెప్పానా లేదా? నువ్వు ఒక్కదానివే కాదు కదా ఇప్పుడు," అన్నాడు.

ఆమె లోపలికి వెళ్ళి పడుకుంది. మర్నాడు తెల్లవారగానే అతన్ని లేపి, బిడ్డ కదలిక తెలియడం లేదు, డాక్టర్ దగ్గరికి వెళ్దామంది. వెళ్ళారు. బిడ్డ లేదని డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. ఇందులో ఎవరి తప్పూ లేదనీ, ఇలా అవుతుంటుందనీ కూడా చెప్పింది. డాక్టర్లు అందరికీ అలాగే చెబుతారని కిరీటి అనుకున్నాడు. అతని మనసులో అప్పటికే లెక్క కుదిరిపోయింది. మంచు, తప్పిన దారి, ఏవో గుంతల రోడ్లలో అన్ని గంటల తిరుగుడు, మర్నాడు ఇది. తప్పు పుట్టిన చోటు దొరికింది.

ఆ మాట అతను ఏనాడూ పైకి అనలేదు. ఆమె కోలుకున్నాక కాలేజీ బస్సులో వెళ్ళడం మొదలుపెట్టింది. ఆల్టోకి బూడిదరంగు కవర్ తొడిగి పార్కింగ్‌లో ఒక మూల వదిలేశారు. అతను రాత్రి భోజనం మధ్యలో లేచి గ్యాస్ కట్టేశారో లేదో చూసొచ్చేవాడు. టీవీ ముందు కూర్చుంటే ఛానళ్ళు మార్చడమే తప్ప ఒక్కటీ చూసేవాడు కాదు. బస్సు కాస్త ఆలస్యమైతే సొసైటీ గేటు దగ్గర కాపలావాళ్ళ పక్కన నిలబడేవాడు. వాళ్ళు మొదట్లో నమస్తే చెప్పేవారు, తర్వాత తర్వాత కుర్చీ జరపడం మొదలుపెట్టారు.

ఆదివారాలు పరీక్షల రోజులయ్యాయి. ఆల్టో కవర్ తీసి భవ్యశ్రీ నడుపుతుంది, కిరీటి పక్క సీట్లో కూర్చుని తెర వంక చూస్తాడు. మిషన్ కుడికి తిరగమంటే, కావాలనే ఆమెను ఎడమకి తిప్పమంటాడు, దారి మారినప్పుడు అది ఎంత తొందరగా తేరుకుంటుందో చూడాలని. మొదటిది ఉపగ్రహాల్ని వెతుక్కుంటూ అట్టా పీర్ చౌరస్తా దాటేదాకా మూగదానిలా ఉండిపోయింది. దాన్ని తిరిగిచ్చేశాడు. రెండోది గొంతు సరిపోలేదని ఇచ్చేశాడు. ఈ మూడోది హిందీలోనూ ఇంగ్లీషులోనూ గట్టిగానే పలికింది. సెక్టార్ పేర్లన్నీ తెలుసు. ఫ్లైఓవర్ కిందా తడబడలేదు.

"బావుందండీ. ఇది ఉంచేద్దాం," అంది భవ్యశ్రీ, ఆ ఆదివారం ఇంటికి తిరిగి వచ్చే దారిలో.

"సర్వీస్ రోడ్డులో ఉన్నామో, మెయిన్ రోడ్డులో ఉన్నామో దీనికి తెలియడం లేదు. చూశావా, పక్క రోడ్డులో చూపిస్తోంది."

"నేను ఏ రోడ్డులో ఉన్నానో నాకు తెలుస్తుంది కదా."

"మంచు పడితే?"

ఆమె గేరు మార్చింది. కిరీటికి ఆమె మౌనం ఒప్పుకోవడంలాగే తోచింది.

సోమవారం ఆఫీసు అయ్యాక అతను మళ్ళీ సెక్టార్ పద్దెనిమిది మార్కెట్‌కి వెళ్ళాడు. కారు స్టీరియోలూ, సీటు కవర్లూ అమ్మే ఆ దుకాణం ఖురానాది. అట్టపెట్టె చేతిలో పట్టుకుని వస్తున్న కిరీటిని చూడగానే ఖురానా చాయ్ తెప్పించాడు. ఓపికగా అంతా విన్నాడు. సర్వీస్ రోడ్డు సంగతి విన్నాడు, వైరు తీస్తే బ్యాటరీ నిలవని సంగతి విన్నాడు. విని, "సర్, తీనోం ఠీక్ థే. ఏక్ బాత్ బతాయియే, మేడమ్ సే పూఛా ఉన్‌కో క్యా చాహియే?" అన్నాడు.

మూడూ బాగానే ఉన్నాయి, మేడమ్‌కి ఏం కావాలో ఆవిడని అడిగారా అని. అమ్మేవాడు అడగవలసిన మామూలు ప్రశ్నే. కానీ కిరీటికి ఎక్కడో గుచ్చుకుంది. చాయ్ సగంలో వదిలి, పెట్టె పట్టుకుని వచ్చేశాడు.

సొసైటీ పార్కులో లక్ష్మీకుమారిగారు కూర్చుని ఉన్నారు. ఆవిడ భర్త రామమోహనరావుగారు కేంద్ర ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఇద్దరూ కింది అంతస్తులో ఉంటారు. జనవరిలో భవ్యశ్రీ మంచంలో ఉన్నన్నాళ్ళూ పూటపూటకీ చారు కాచి పంపింది ఆవిడే.

"ఏం బాబూ, మళ్ళీ ఆ డబ్బా పట్టుకుని తిరుగుతున్నావు?" అన్నారావిడ.

"భవ్యకండీ. దారి చూపిస్తుంది. మళ్ళీ కారు తీస్తానంటోంది."

లక్ష్మీకుమారిగారు నవ్వారు. "ఆ అమ్మాయికి దారి చూపించడానికి డబ్బా ఎందుకయ్యా. నన్ను కరోల్ బాగ్ తీసుకెళ్ళింది, ఆర్కే పురంలో పెళ్ళికి తీసుకెళ్ళింది. ఒకసారి పోయిన దారిలో రెండోసారి ఎవర్నీ అడగదు. మా ఆయన ముప్ఫై ఏళ్ళనించీ ఉన్నారు ఢిల్లీలో, ఇప్పటికీ ఆశ్రమ్ దగ్గర ఎటు తిరగాలో తెలీదు. డబ్బా కావలసింది ఆయనకి."

కిరీటి కూడా నవ్వాడు. మెట్లెక్కుతుంటే ఆవిడ మాటలు కూడా అతనితో పాటే ఎక్కాయి. నిజమే. భవ్యశ్రీ ఎప్పుడూ దారి తప్పగా చూడలేదు. కొత్త ఊళ్ళో దిగినా ఉత్తరం ఎటో ఇట్టే చెప్పేస్తుంది. పోనీ, పొగమంచు. కానీ ఆమె ఆ రోడ్డు మీద రెండేళ్ళపాటు ప్రతి చలికాలం మంచులోనే వెళ్ళి వచ్చింది. ఆ రోజు మాత్రం ఎందుకు తప్పింది? ఎక్కడ తప్పింది? ఇన్ని నెలల్లో తను ఆ ప్రశ్న అడగనే లేదని అతనికి అప్పుడు తట్టింది. తప్పు జరిగింది అనుకున్నాడే తప్ప, ఎలా జరిగిందో చూడలేదు. ఆఫీసులో కుర్రాళ్ళు ఎవరైనా ఇలాంటి రిపోర్టు ఇస్తే వాళ్ళ మొహాన తిరగ్గొట్టేవాడు. తప్పుని ముందు మళ్ళీ జరిపించి చూపించమనేవాడు.

లోపలికి వెళ్ళేసరికి భవ్యశ్రీ ఆరిన బట్టలు మడత పెడుతోంది.

"భవ్యా, ఆ రోజు ఎక్కడ తప్పావు?" అన్నాడు.

ఏ రోజు అని ఆమె అడగలేదు. చేతిలోని తువ్వాలుని మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

"ఇప్పుడెందుకండీ అది?"

"అక్కడికే వెళ్ళి చూడాలి. నువ్వు తప్పిన చోట ఇది సరిగ్గా దారి చూపిస్తే ఇంక దీన్ని మార్చను. మాట ఇస్తున్నాను."

ఆమె అతని వైపు చూసింది. ఒంటి మీద ఆఫీసు చొక్కా, చంకలో అట్టపెట్టె.

"రేపు మాకు సెలవు. మీరు కూడా లీవు పెట్టండి. తీసుకెళ్తాను," అంది.

మర్నాడు నీరెండ కాస్తోంది. ఎక్స్‌ప్రెస్‌వే రెండు పక్కలా సగం కట్టిన అపార్ట్‌మెంట్లు, వాటి మీద క్రేన్లు, వాటి మధ్య ఇంకా అమ్ముడుపోని పొలాలు. కిరీటి తెరలో ఇంటి అడ్రసు పెట్టాడు. ఆమె తప్పిన చోటు నుంచి అది ఇంటికి ఎలా తీసుకొస్తుందో చూడాలని అతని ఆలోచన. ప్రతి మలుపు దగ్గరా అతను ముందుకి వంగాడు.

"ఇక్కడా?"

"కాదండీ."

ఇంకో మలుపు వచ్చింది. ఊళ్ళోకి వెళ్ళే మట్టిరోడ్డు, గేదెలు, ట్రాక్టరు.

"ఇక్కడై ఉంటుంది. మంచులో ఇటు తిరిగిపోయి ఉంటావు."

"కాదు. చెప్తాను కదా."

పరీ చౌక్ దగ్గర బస్సుల కోసం హాస్టల్ పిల్లలు గుంపులుగా నిలబడి ఉన్నారు. ఒకమ్మాయి భవ్యశ్రీని గుర్తుపట్టి చెయ్యి ఊపింది. భవ్యశ్రీ తల ఊపింది. కాలేజీ గేటు వచ్చింది, దాటింది. కిరీటికి అర్థం కాలేదు. కాలేజీ నుంచి ఇంటికి వచ్చే దారిలో తప్పిన మనిషి, కాలేజీ దాటి ఎందుకు వెళ్తోంది? అడగబోయాడు. మిషన్ వెనక్కి తిరగమని ఒకసారి చెప్పింది, రెండోసారి చెప్పింది. భవ్యశ్రీ చెయ్యి చాచి దాన్ని ఆపేసింది.

కాస్త దూరం వెళ్ళాక ఒక మార్కెట్ వచ్చింది. ఫోటోకాపీ దుకాణాలు, సమోసాల బండి, పుస్తకాల షాపు, మందుల షాపు. ఆ మందుల షాపు పైన ఒక నర్సింగ్ హోమ్ బోర్డు. దానికి ఎదురుగా, గోడ పక్కన ఆమె కారు ఆపి ఇంజను కట్టేసింది.

"ఇక్కడ," అంది.

"ఇక్కడ తప్పావా?"

"తప్పలేదండీ. నేను ఆ రోజు ఎక్కడా దారి తప్పలేదు."

కిరీటి బోర్డు వైపు చూశాడు. ఆమె స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని ఎదురుగా చూస్తూ చెప్పింది. ఆగి ఆగి చెప్పింది.

"ముందురోజు రాత్రి నుంచీ నాకు కదలిక తెలియలేదు. మీకు ఆ వారం ఆఫీసులో రిలీజ్ ఉంది. అనవసరంగా భయపెట్టడం ఎందుకని చెప్పలేదు. లంచ్ టైములో ఇక్కడికి వచ్చాను. పైన డాక్టరమ్మ వెంటనే స్కాన్ చేసింది. చాలాసేపు చూసింది. తెర నా వైపు నుంచి అటు తిప్పేసింది. అప్పుడే తెలిసిపోయింది నాకు. ఆపేసి, ఇంట్లోవాళ్ళు ఎవరైనా వచ్చారా అని అడిగింది. లేదన్నాను. రెండు మూడు రోజుల కిందటే అయి ఉంటుందంది. రేపు మీ డాక్టర్ దగ్గరికి మీ హస్బెండ్‌ని తీసుకుని వెళ్ళమంది."

కిరీటి సీటు బెల్టు విప్పాడు.

"కిందికి దిగి కారులో కూర్చున్నాను. ఇక్కడే ఉంది బండి. మంచు ఎంత ఉందంటే ఆ మందుల షాపు లైటు తప్ప ఏమీ కనిపించలేదు. నాకూ అదే కావలసింది. ఎవరికీ కనపడకుండా కూర్చున్నాను. మీ ఫోను వస్తూనే ఉంది. ఎత్తితే ఎక్కడున్నావు అన్నారు. ఏం చెప్పను? నోటికి వచ్చింది చెప్పాను. చీకటిపడ్డాక సరిగ్గా రోజూ వచ్చే దారిలోనే, మెల్లగా ఇంటికి వచ్చాను."

"బండి కదల్లేదా?" అన్నాడు కిరీటి. "ఆ గుంతల్లో, ఊళ్ళ మీద పడి..."

"ఎక్కడికీ వెళ్ళలేదు."

అతనికి ముందు వచ్చింది కోపమే. "నాకెందుకు చెప్పలేదు? తొమ్మిది నెలలు. ఇంటికి వచ్చాకైనా ఎందుకు చెప్పలేదు?"

"చెబుదామనే వచ్చాను. దారంతా మాటలు కూడబలుక్కుంటూ వచ్చాను. కారు దిగగానే మీరు, నువ్వు ఒక్కదానివే కాదు కదా ఇప్పుడు అన్నారు."

కిరీటి కిటికీ వైపు తిరిగాడు.

"ఆ మాట విన్నాక చెప్పలేకపోయానండీ. ఎలాగూ పొద్దున్న తెలుస్తుంది, ఈ ఒక్క రాత్రి మీకుండనీ అనుకున్నాను. నాకు ఎలాగూ లేకుండా పోయింది, మీకైనా ఉండనీ అని. తర్వాత హాస్పిటలు, మా అమ్మా వాళ్ళు రావడం, అదంతా. మీరు మంచుని తిట్టారు, ఆ రోడ్డుని తిట్టారు. తిట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటే మీకు కాస్త తేలిగ్గా ఉంటుందేమో, ఉండనిద్దాం అనుకున్నాను. మీ కోపం రోడ్డు మీద కాదని నాకు తెలియడానికి కొన్నాళ్ళు పట్టింది."

"నేను నిన్ను ఒక్క మాట అనలేదు భవ్యా."

"అనలేదు. మూడు మిషన్లు తెచ్చారు."

అతను ఒళ్ళో ఉన్న వైరుని చుట్టాడు, విప్పాడు. తలుపు తీసుకుని బయటికి దిగాడు. ఎటు వెళ్ళాలో తెలియక సమోసాల బండి దాకా వెళ్ళి, అక్కడ నిలబడి, వెనక్కి వచ్చి, రోడ్డు దాటి నర్సింగ్ హోమ్ మెట్లెక్కాడు. పైన సన్నటి నడవా. గోడవారగా ప్లాస్టిక్ కుర్చీలు. ఇద్దరు గర్భిణులు, ఒకామె పక్కన భర్త ఫైలు పట్టుకుని నిద్రలో తూగుతున్నాడు. లోపలి గది తలుపుకి ఆకుపచ్చ తెర.

కౌంటర్ దగ్గరున్న అమ్మాయి, "జీ, కిస్‌కో దిఖానా హై?" అంది. ఎవరికి చూపించుకోవాలి అని.

"కిసీ కో నహీఁ. బస్, బైఠనా హై," అన్నాడు, ఎవరికీ కాదు, ఊరికే కూర్చోవాలని.

ఆ అమ్మాయి వింతగా చూసి, తన రిజిస్టరులో పడింది. కిరీటి చివరి కుర్చీలో కూర్చున్నాడు. భవ్యశ్రీ ఏ కుర్చీలో కూర్చుని ఉంటుందో ఊహించాలని చూశాడు. తెర పక్కకి జరిపి బయటికి వచ్చినప్పుడు ఈ నడవా అంతా ఇలాగే ఉండి ఉంటుంది. మిగతావాళ్ళు వాళ్ళ వంతు కోసం చూస్తూ ఉండి ఉంటారు. ఆమె వాళ్ళ కాళ్ళు తగలకుండా తప్పుకుంటూ, ఆ నిటారు మెట్లు దిగి వెళ్ళి ఉంటుంది. ఆ సమయంలో తను ఆఫీసు క్యాంటీన్‌లో రిలీజ్ అయిందని అందరితో కలిసి కేక్ తింటున్నాడు. ఇన్నాళ్ళూ ఆమెను పొగమంచులో, తెలియని రోడ్ల మీద వెతికాడు. ఆమె ఇక్కడ, ఈ లైట్ల కింద ఉంది.

అతనికి ఏడుపు చప్పుడు లేకుండా వచ్చింది. ఫైలు పట్టుకుని తూగుతున్న మనిషి మెలకువ వచ్చి చూశాడు. తన నీళ్ళ సీసా అతని వైపు జరిపాడు.

కాసేపటికి భవ్యశ్రీ మెట్లెక్కి వచ్చింది. నడవా మొదట్లోనే ఆగిపోయింది. లోపలికి రాలేదు.

"పదండి," అంది.

మెట్ల మీద అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "చెప్పనందుకు నీ మీద కోపం ఇంకా పోలేదు," అన్నాడు.

"పోకపోతే పోనీండి. నాకూ మీ మీద ఉంది," అంది ఆమె.

తిరుగు ప్రయాణంలో ఆమే నడిపింది. ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాక కిరీటి, "నేను ఆ రోజుల్లో పేర్లు ఆలోచించేవాణ్ణి. నీకు చెప్పలేదు," అన్నాడు.

"చెప్పండి."

"ఆడపిల్లయితే యామిని అనుకున్నాను. మగపిల్లాడైతే మా అమ్మ మా తాతగారి పేరే పెట్టాలంటుందని భయపడ్డాను."

"ఏం పేరు?"

"రాధాకృష్ణమూర్తి. ఇక్కడి బడిలో ఆ పేరు ఎవరికీ నోరు తిరగదు, పిల్లలు వాణ్ణి ఏడిపించి చంపుతారని తెగ దిగులు పడ్డాను. ఆఫీసులో పని మానేసి మరీ దిగులు పడ్డాను."

భవ్యశ్రీకి నవ్వు వచ్చింది. నవ్వుతూనే కళ్ళు నిండిపోయాయి. బండి పక్కకి తీసి, ఇండికేటర్ వేసి ఆపింది. లారీలు పక్కనుంచి వెళ్తుంటే కారు ఊగుతోంది. "మూర్తి అని పిలిచేవాళ్ళం," అంది. "మూర్తీ, లే, బస్సొచ్చేసింది అని." ఆ తర్వాత ఆమె స్టీరింగ్ మీద తల ఆనించి ఏడ్చింది. డాక్టర్ గదిలో ఏడవలేదు, తల్లి దగ్గర ఏడవలేదు, అప్పుడు ఏడ్చింది. కిరీటి ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. అతనికి లేచి ఎక్కడికైనా వెళ్ళాలని, ఏదైనా చెయ్యాలని కాళ్ళు లాగుతూనే ఉన్నాయి. వెళ్ళలేదు.

మూడో జీపీఎస్ ఇంట్లోనే ఉండిపోయింది. సర్వీస్ రోడ్డు సంగతి ఇంక ఎవరూ ఎత్తలేదు. దీపావళి సెలవులు అయ్యాక మొదటి సోమవారం భవ్యశ్రీ ఆల్టో కవర్ తీసి, అద్దాలు తుడిచి, కాలేజీకి వెళ్ళింది. ఆ సాయంత్రం ఆమె, "మీటింగ్ పెట్టారండీ, ఆలస్యమవుతుంది," అని ఫోన్ చేసింది. ఎక్కడున్నావన్న మాట కిరీటి నాలుక చివరిదాకా వచ్చింది. మింగి, "సరే, అన్నం నేను వండుతాను," అన్నాడు.

బియ్యం కడిగి కుక్కర్ పెట్టాడు. దించాడు. ఇంట్లో నిలవలేకపోయాడు. గేటు దగ్గరికి వెళ్దామని మెట్లు దిగి, సగం దూరం వెళ్ళి, పార్కు వైపు తిరిగాడు. లక్ష్మీకుమారిగారు బెంచీ మీద మెంతికూర పరుచుకుని ఆకు తుంచుతున్నారు. అతన్ని చూసి కూర కాస్త పక్కకి జరిపారు. కిరీటి కూర్చున్నాడు. చేతులు ఊరుకోక ఒక కట్ట తీసుకుని తనూ తుంచసాగాడు. కాడలు కూడా పడుతుంటే ఆవిడ వాటిని ఏరి పక్కన పెట్టారు.

"ఆంటీ," అన్నాడు కాసేపటికి, "జనవరిలో మాకు బిడ్డ పోయింది కదా."

బిడ్డ అన్న మాట అతను ఎవరి దగ్గరైనా అనడం అదే మొదటిసారి.

"అవును నాయనా," అన్నారావిడ.

"నేను ఇన్నాళ్ళూ తప్పు భవ్యదే అనుకున్నానండీ," అని మొదలుపెట్టి, కిరీటి ఆవిడకి అంతా చెప్పాడు. పార్కులో లైట్లు వెలిగాయి. పిల్లలు ఆట ఆపి ఇళ్ళకి పోతున్నారు. అతను చెబుతున్నంతసేపూ మెంతికూర తుంచుతూనే ఉన్నాడు. ఒక కట్ట అయిపోతే లక్ష్మీకుమారిగారు ఇంకొకటి విప్పి అతని ముందు పెట్టారు.